పంతొమ్మిది మంది బాగున్నారు

జూన్ 3, మంగళవారం

ఎప్పుడో మందుల కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. 2022 నాటిది. బీరువాలో చీరల కింద దొరికింది. వారాలు కలవవు కాబట్టి కొట్టేసి రాస్తున్నాను. "కొత్తది కొనుక్కోరాదూ?" అన్నాడు రాజీవ్. పెళ్లయి ముప్పయ్యేళ్లయినా నేను డైరీ రాయడం ఎన్నడూ చూడని మనిషి, పుస్తకం ఏ సంవత్సరందో చూసి నవ్వుతున్నాడు.

ఎందుకు రాస్తున్నానంటే, ఆస్పత్రిలో నోరు అదుపులో పెట్టుకోవాలి. కోపం ఎక్కడో ఒకచోట కక్కాలి కదా.

నవత ఈ రోజు మీటింగులో ఒక కాగితం పెట్టింది. నా దగ్గరే కత్తి పట్టడం నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు నాకే మార్కులు వేస్తుందట. గత ఐదేళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మేం చేసిన ఆపరేషన్లన్నీ తవ్వి తీసి, ఎంత బాగా చేశామో కొలవాలట. ముందు స్కాన్ సరిగ్గా తీశామా, గడ్డను అంచులతో సహా తీశామా, రెండేళ్లలో తిరగబెట్టినవి ఎన్ని, మూత్రనాళం దెబ్బతిని మూత్రం కారిన కేసులు ఎన్ని, ఇలా పదిహేను గడులు. నెలాఖరులోగా నింపి పంపాలి. అంకెలు బాగుంటే మా ఆస్పత్రి శిక్షణ కేంద్రం అవుతుంది. సూపరింటెండెంట్ జగన్మోహన్ గారైతే అప్పుడే బోర్డు రాయించేటట్టున్నారు.

మొత్తం అరవై ఒక్క ఆపరేషన్లు. అన్నీ నేను చేసినవే. కొలవనీ. నాకేం భయం?

జూన్ 5

ఎండ తగ్గలేదు. రెండు ఆపరేషన్లు. రెండూ చక్కగా జరిగాయి.

జూన్ 9, సోమవారం

రికార్డు గదిలో బాలకిషన్ ఫైళ్లన్నీ దుమ్ము దులిపి బల్ల మీద పేర్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ గదిని ఏలుతున్నవాడు, నవత ఏ ఫైలడిగినా చూడకుండానే చెయ్యి పెట్టి లాగి ఇస్తున్నాడు. నవత ఒక్కో గడీ నింపుతూ పోయింది. అంచులు బాగున్నాయి. తిరగబెట్టినవి తక్కువ. నాకు లోలోపల గర్వంగానే ఉంది, దాచుకోవడం దేనికి?

మూత్రం కారిన కేసుల గడిలో సున్నా వచ్చింది. నవత పెన్ను పక్కన పెట్టింది.

"మేడం, అరవై ఒకటిల సున్నా ఎట్ల వస్తది?"

"బాగ చేస్తే వస్తది."

"ఎంత బాగ చేసినా నూటికి ఒకటో రెండో అయితయ్ మేడం. మూడు దాక ఎవ్వరు తప్పు పట్టరు. సున్నా చూస్తేనే నాకు భయమైతుంది."

"నా చేతి మీద నమ్మకం లేకపోతే వేరే ఆస్పత్రి చూస్కో" అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. బాలకిషన్ విననట్టు ఫైళ్లు సర్దుతూ నిలబడ్డాడు.

నాకు పేషెంట్ల పేర్లు గుర్తుండవు. ముఖాలూ గుర్తుండవు. కడుపు లోపల ఎలా ఉందో మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. సర్జన్లందరికీ ఉన్నదే ఇది.

జూన్ 10

ఇంట్లో మూత్రం వాసన వస్తోంది. బాత్రూమ్ తలుపు వేసినా వస్తోంది. రాజీవ్‌కు రావడం లేదట. రెండుసార్లు ఫినాయిల్ పోసి కడిగించాను.

జూన్ 12

ఇంట్లోనే కాదు. సాయంత్రం చిక్కడపల్లిలో కూరగాయలు కొంటుంటే వచ్చింది. కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అయినా వచ్చింది. లైబ్రరీ ముందు గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు చాయ్ తాగుతూ మాట్లాడుకుంటున్నారు, ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. పొద్దున ఆపరేషన్ చేస్తుంటే మాస్కు లోపల కూడా వచ్చింది.

ముక్కు డాక్టర్‌కు చూపించుకోవాలి.

జూన్ 14, శనివారం

నవత కొత్త మెలిక పెట్టింది.

అరవై ఒక్కమందిలో నలభై రెండు మంది నెల తర్వాత మళ్లీ వచ్చి చూపించుకున్నారు. పంతొమ్మిది మంది రాలేదు. రాని పంతొమ్మిది మంది పేర్ల ఎదురుగా కూడా బాలకిషన్ గుండ్రటి అక్షరాల్లో ‘బాగుంది’ అని ఉంది.

"వీళ్లు రానేలేదు గదన్నా, బాగుందని ఎట్ల రాసినవ్?" అని అడిగింది నవత.

"ఫోన్ చేస్త మేడం. ఎట్లున్నరని అడుగుత. బాగున్నరంటరు. రాసుకుంట. గడి ఖాళీ ఉంచొద్దని పెద్ద మేడమే చెప్పిన్రు గద."

చెప్పే ఉంటాను. ఖాళీ గడి చూస్తే నాకు చిరాకు.

"ఫోన్ ఎవరెత్తిన్రు?"

బాలకిషన్ ఒక్కో కాగితం తిప్పి చదివాడు. భర్త. కొడుకు. భర్త. అల్లుడు. తమ్ముడు. నాలుగింటికి ఒకటే నంబర్ ఉంది. అది ఎల్లేష్ అనే మేస్త్రీది. పాలమూరు నుంచి కూలీలను తెచ్చి పనుల్లో పెడతాడు. వాళ్ల దగ్గర ఫోన్లు లేవని అతని నంబరే రాసుకున్నారు.

"ఆడోళ్లు ఒక్కరు గూడ ఎత్తలేదా?"

"ఆడోళ్ల నంబర్ మనమెక్కడ రాస్కుంటం మేడం? ఫారం మీద సంరక్షకుని ఫోన్ అనే ఉంటది."

ముప్పయ్యేళ్లుగా ఆడవాళ్లకు మాత్రమే వైద్యం చేస్తున్న విభాగం మాది. ఆ ఫారం నేనే తయారు చేయించాను.

"బట్టలు తడుస్తున్నయని ఏ ఆడమనిషి పోయి మేస్త్రీకి చెప్తది?" అంది నవత. నాతో అనలేదు, ఫైలు చూస్తూ అంది. ఆ నాలుగు పేర్లున్న కాగితం నా వైపు జరిపింది. చదివాను. ఆపరేషన్ ఉందని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ టైముకు ఆపరేషన్ ఏదీ లేదు.

జూన్ 15, ఆదివారం

ఆ నాలుగింటిలో ఒక పేరు బీరమ్మ.

జూన్ 16

పేర్లు గుర్తుండవని రాశాను. ఈ పేరు గుర్తుంది. మూడేళ్లుగా గుర్తుంది. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఈ డైరీ దేనికి?

2022 మార్చి 17. మర్నాడు హోలీ. థియేటర్‌లో అందరికీ తొందరగా ఇంటికి పోవాలని ఉంది. ఇంకో కేసు బయట స్ట్రెచర్ మీద ఎదురుచూస్తోంది. బీరమ్మకు ఎడమ పక్క రక్తం ఆగలేదు. కరెంటుతో కాల్చి ఆపాను. చెయ్యి తీసి చూస్తే పక్కనే ఉన్న మూత్రనాళం వేలెడు మేర తెల్లబడింది. కాసేపు చూశాను. రంగు తిరిగి వచ్చినట్టే అనిపించింది. అప్పుడే నాళంలో సన్నటి గొట్టం ఒకటి పెట్టి ఉంటే సరిపోయేది. పావుగంట పని. పెట్టలేదు.

ఆపరేషన్ కాగితంలో ‘రెండు మూత్రనాళాలూ చూశాము, క్షేమం’ అని ఉంది. అరవై ఒక్క కాగితాల్లోనూ అదే వాక్యం ఉంటుంది. ముందే టైపు చేసి ఉంచుతారు, నేను కింద సంతకం పెడతాను.

పదకొండో రోజు ఇంటికి పంపేటప్పుడు, "బట్టలు తడుస్తున్నయమ్మా" అంది. మూత్రం పైపు తీశాక చాలామందికి కొన్నాళ్లు అలాగే ఉంటుంది. "కొన్ని దినాలు గట్లనే ఉంటది, తగ్గకపోతే రా" అని చెప్పాను.

తగ్గకపోతే రమ్మని చెప్పాను.

జూన్ 17

చెప్పాను.

జూన్ 18, బుధవారం

జగన్మోహన్ గారు గదికి పిలిచారు. నవతా ఉంది.

"రానోళ్లను లెక్కల ఎందుకు పట్టుకుంటరు నళిని గారూ? తీసి పక్కకు పెట్టున్రి. వచ్చిన నలభై రెండు మందిల సున్నా. అబద్ధం కాదు గద?"

నిజమే, అబద్ధం కాదు. ఒక్కసారిగా భుజాల మీది బరువు దిగినట్టయింది. ఆ తేలికదనానికి నాకే సిగ్గేసింది. నవత నా ముఖమే చూస్తోంది. ఆలోచిద్దామన్నాను.

మధ్యాహ్నమంతా వాసన రాలేదు. ఇంటి ముందు కారు దిగగానే వచ్చింది.

జూన్ 20, శుక్రవారం

ఎల్లేష్‌కు నా ఫోన్ నుంచే చేశాను. బీరమ్మ ఎలా ఉందని అడిగాను.

"బాగనే ఉన్నది మేడం! గీ అశోక్‌నగర్‌లనే ఉన్నరు గద ఆమె, పెనిమిటి బాలప్ప. కోచింగ్ సెంటర్ ఎనక కొత్త అపార్ట్‌మెంట్ లేస్తున్నది సూడున్రి, ఆడ వాచ్‌మెన్ రూముల పెట్టిన. ఎందుకు మేడం, ఏమన్న పరేషానా?"

ఏం లేదని పెట్టేశాను.

మా ఇంటికి నాలుగు గల్లీల అవతల. రోజూ పొద్దున నా కారు పోయే దారే. రోడ్డు మీద ఇసుక పోశారని ఆ అపార్ట్‌మెంట్ వాళ్లతో సంక్రాంతప్పుడు గొడవ కూడా పడ్డాను. అప్పుడు లోపలి నుంచి ఒకామె చీపురుతో వచ్చి ఇసుక పక్కకు ఊడ్చింది. నేను కారు అద్దం దించలేదు.

జూన్ 21

వర్షం. వెళ్లలేదు.

జూన్ 22, ఆదివారం

వెళ్లాను.

వర్షం వెలిసి ఎండ కాసింది. మెట్లకింద రూము. ఇనప చువ్వకు కట్టిన తాడు మీద పాత చీర ముక్కలు ఆరేసి ఉన్నాయి. అన్నీ ఒకే కొలతకు చింపినవి, తెల్లగా ఉతికినవి. లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ తోచలేదు.

బీరమ్మ బయటికొచ్చి చూసి కొంగు సర్దుకుంది. మనిషి ఎండిపోయింది. నలభై రెండేళ్లని ఫైలులో ఉంది, అరవై ఉన్నట్టుంది.

"డాక్టరమ్మా! నువ్వేంది గిటొచ్చినవ్? పానం బాగలేదా?"

నా ఆరోగ్యం సంగతి అడుగుతోంది. బాలప్ప లోపల నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. దుకాణం పనుందని తనంతట తానే బయటికి వెళ్లిపోయాడు.

"బట్టలు ఇంకా తడుస్తున్నయా?" అన్నాను. ఎలా మొదలుపెట్టాలో పది రకాలుగా అనుకుని వెళ్లాను. చివరికి అదే వచ్చింది.

"ఇంకా అంటవేంది అమ్మా? ఎన్నడాగింది? రాత్రి పగలు కారుడే. ఒంటికి మామూలుగనే పోత. పోయినా కారుతనే ఉంటది."

"ఎట్ల ఉంటున్నవ్ మరి?"

"దినాం మూడుసార్ల తానం చేస్త. గుడ్డలు మార్చుకుంట. నీళ్లు తాగ. తాగితే ఎక్కువ కారుతది. బస్సెక్కి మూడేండ్లయింది. బిడ్డ కాన్పుకు గూడ పోలే, నలుగురిల కూసుంటే వాసనొస్తదని." తలుపు వైపు చూసి అంది. "గాయన మంచోడే. ఒక్క మాటనడు. గని మంచాలు ఏరయినయ్."

ఆమె దగ్గర ఏ వాసనా లేదు. బట్టల సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. పన్నెండు రోజులుగా నన్ను తరుముతున్న వాసన, అది ఉండాల్సిన చోటే లేదు. ఎవరికీ రాకుండా ఈ మనిషి మూడేళ్లు ఎంత చాకిరీ చేసిందో అనుకుంటే నాకు కుర్చీలో కూర్చోవడం చేతకాలేదు.

"మరి రాలేదేం బీరమ్మా? తగ్గకపోతే రమ్మన్న గద?"

బీరమ్మ నా ముఖంలోకి కొత్తగా చూసింది.

"నువ్వు గట్లనలేదమ్మా. గా దినమే అడిగిన నిన్ను. పానం దక్కింది గద, గింత తడికి ఏడుస్తవా అన్నవ్. నిజమే గద అనుకున్న. అందుకే మల్ల ఏడ్వలే."

కోపంగా అనలేదు. నేను చెప్పిన మందు నేను చెప్పినట్టే వాడానన్నట్టు చెప్పింది.

జూన్ 23

నేను అలాంటి మాట అనను. ముప్పయ్యేళ్లలో ఏ పేషెంటునూ అలా అనలేదు. ఆమె వేరెవరో నర్సు అన్నది నా మీద వేసుకుని గుర్తుపెట్టుకుంది. నొప్పిలో ఉన్నవాళ్లకు ఇది మామూలే.

జూన్ 24

అన్నాను.

వార్డులో మూడో మంచం. కిటికీ పక్కది. నా చేతిలో తర్వాతి మంచం ఫైలు ఉంది, ఆమెది కాదు. నడుస్తూనే అన్నాను. పక్క మంచం ఆమె నవ్వింది, నర్సు నవ్వింది, బీరమ్మ కూడా నవ్వింది. నాకప్పుడు ఆ మాట బాగుందనిపించింది. ధైర్యం చెప్పాననుకున్నాను.

ఆమె అడిగినప్పుడే నాకు తెల్లబడిన నాళం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టే అంత గట్టిగా అన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. రాజీవ్‌కూ చెప్పలేదు.

జూన్ 25, బుధవారం

బీరమ్మను నా కారులోనే తీసుకెళ్లి స్కాన్ తీయించాను. సీటు మీద కూర్చోనంది. దిగేదాకా వద్దు వద్దంటూనే ఉంది. తను తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్ పరుచుకుని అంచు మీద కూర్చుంది.

ఎడమ కిడ్నీ వాచిపోయింది. సగం పనిచేయడం లేదు. మిగతా సగమైనా దక్కాలంటే త్వరగా చేయాలి. దెబ్బతిన్న నాళాన్ని మళ్లీ మూత్రాశయానికి అతకాలి. మూత్రవ్యాధుల సర్జన్ అభిజిత్ జూలై 2న చేస్తానన్నాడు. నయమయ్యే జబ్బే. మొదటి నెలలో వచ్చి ఉంటే కిడ్నీకి ఏమీ అయ్యేది కాదు.

చెప్పాల్సింది చెప్పాను. స్కాన్ గది బయట బెంచీ మీద, ఆమె పక్కన కూర్చుని చెప్పాను. కాల్చినప్పుడు నా చెయ్యే తగిలిందని, అప్పుడే అనుమానం వచ్చిందని, వచ్చినా చూడలేదని, నువ్వు అడిగిన రోజు నీ మాట వినాల్సిందని. తెలుగులో ఇన్ని మాటలు ఇంత కష్టంగా ఎప్పుడూ రాలేదు నాకు.

"నాలుగు ఎండకాలాలు దూపకు సచ్చిననమ్మా" అంది బీరమ్మ.

క్షమించమన్నాను. బీరమ్మ సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"గిప్పుడు కోసేది నువ్వేనా?"

"కాదు. వేరే డాక్టర్, అభిజిత్ గారు."

"మంచిది" అంది.

జూన్ 26

ఆ గడిలో సున్నా కొట్టేసి ఒకటి రాశాను. సర్జన్ పేరు దగ్గర నా పేరు నేనే రాశాను. నవత పక్కనే ఉంది.

జగన్మోహన్ గారు విని కంగారుపడతారనుకున్నాను. సంతోషించారు!

"మంచిగైంది పోనీ. అరవై ఒకటిల ఒకటి అంటే నడుస్తది. సున్నా కంటె ఒకటుంటేనే నమ్ముతరు. ఇగ పంపిద్దాం, అయిపోతది."

ఆయన గదిలోంచి బయటికొస్తూ నేనూ అదే అనుకున్నాను. దాచుకోను. ఒకటి ఒప్పుకున్నాను, చాలు. ఒకటైతే ఎవరైనా గౌరవిస్తారు కూడా. మెట్ల దగ్గర నవత ఆపింది.

"ఇంక పద్దెనిమిది మంది ఉన్నరు మేడం."

"నాకు తెల్వదా?" అని అరిచాను. మళ్లీ అరిచాను ఆ పిల్ల మీద.

జూన్ 28, శనివారం

బాలకిషన్ కుర్చీలో కూర్చుని, ఆ పద్దెనిమిది మంది నంబర్లకూ నేనే చేశాను. పొద్దున పదికి మొదలుపెట్టాను. ఎత్తినవాళ్లు అందరూ మగవాళ్లే. "బాగున్నది మేడం" అన్న ప్రతివాడికీ ఒకటే చెప్పాను, ఫోన్ ఆమెకివ్వమని. కొందరు విసుక్కున్నారు. ఒకతను ఆమె పోయి రెండేళ్లయిందన్నాడు. రిజిస్టర్‌లో ఆమె ఎదురుగా కూడా ‘బాగుంది’ అనే ఉంది. బాలకిషన్ ఆ పేజీ చూసి కళ్లజోడు తీసేశాడు, చాలాసేపు పెట్టుకోలేదు.

ఎల్లేష్ నంబరున్న మిగతా ముగ్గురిని అతనే పని దగ్గర నుంచి పిలిపించి మాట్లాడించాడు. ముగ్గురూ బాగున్నారు. నిజంగానే బాగున్నారు. పదకొండో నంబర్ దాకా, బతికున్నవాళ్లందరూ బాగున్నారు. నాకు ప్రాణం కుదుటపడుతోంది. నవత చాయ్ తెప్పించింది.

పన్నెండో పేరు త్రివేణి. హిమాయత్‌నగర్. 2023లో చేశాను. ఆ ఆపరేషన్ నాకు బాగా గుర్తుంది. ఏ ఇబ్బందీ లేదు, నాళం తెల్లబడలేదు, ఏమీ కాలేదు. చేయకుండా వదిలేద్దామా అనుకున్నాను కూడా.

భర్త ఎత్తాడు. స్టీలు సామాన్ల దుకాణం ఉన్నాయన. వెనక గిన్నెల చప్పుడు. ఇల్లు దుకాణం మీదే.

"ఫస్ట్ క్లాస్ ఉన్నది డాక్టర్ గారూ! మీ దయ. పెళ్లిళ్లు, పేరంటాలు ఏం పెట్టుకోదు, ఎక్కడికీ పోదు, ఇంటిపట్టునే ఉంటది."

మెచ్చుకోలుగా అన్నాడు.

"ఆమెకివ్వండి."

"ఏమన్న ఉంటే నాకు చెప్పున్రి, నేను చెప్త."

"ఆమెతోనే మాట్లాడాలి."

ఆయన మెట్లెక్కడం వినపడింది. తర్వాత ఆమె గొంతు, చాలా మర్యాదగా, నమస్తే మేడం అని. భర్త పక్కనే ఉన్నాడని తెలుస్తోంది. నేను మెల్లగా అడిగాను.

"త్రివేణి గారూ, మీరు అవును, కాదు అని చెప్పినా చాలు. మీకు బట్టలు తడుస్తున్నయా?"

ఆమె నడిచిన చప్పుడు. తలుపు వేసి గడియ పెట్టిన చప్పుడు. తర్వాత బకెట్లోకి నల్లా ధారగా విప్పిన చప్పుడు. నవత చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

నీళ్ల చప్పుడు మధ్యలోంచి, దాదాపు నోట్లోనే, త్రివేణి అడిగింది.

"మీకెవరు చెప్పిన్రు మేడం?"